రాత్రిపూట పరాయి దేశంలో దిగుతున్నారా? తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వెళ్ళేవాళ్ళు పాటించాల్సిన జాగ్రత్తలు

తిరుపతి రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం దగ్గర అర్ధరాత్రి పూట కాసేపు నిలబడితే, ఊరికి కొత్తవాళ్ళెవరో మనకు చిటికెలో తెలిసిపోతుంది. బ్యాగులన్నీ కాళ్ళ దగ్గర పెట్టుకుని, తలెత్తి బోర్డులు చదువుతూ, మధ్యమధ్యలో ఫోను చూసుకుంటూ ఉంటారు. రూము ఇప్పిస్తాం, దర్శనం చేయిస్తాం అని వెంటపడే దళారులు కూడా వాళ్ళని అంతే త్వరగా పసిగడతారు. మన అబ్బాయో అమ్మాయో చదువుకనో ఉద్యోగానికనో వేరే దేశంలో దిగినప్పుడు, అక్కడ ఆ కొత్త మనిషి వాళ్ళే.

కొత్తగా కనిపించడం తప్పేమీ కాదు, దాన్ని పూర్తిగా దాచలేం కూడా. చేయగలిగింది ఒకటుంది. ఇరవై గంటల ప్రయాణం చేసి, నిద్ర లేక, ఫోనులో చార్జింగ్ లేక, రాత్రి ఒంటిగంటకి రోడ్డు మీద నిలబడి ఆలోచించాల్సిన విషయాలన్నీ ముందే, పగటిపూట, ఇంట్లో కూర్చుని తేల్చేసుకోవడం. ఎలా వెళ్ళాలి, ఎవరికి ఫోన్ చేయాలి, అనుకున్నది కుదరకపోతే ఏం చేయాలి అన్నవి అప్పటికే తేలిపోయి ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది. కింద చెప్పేవన్నీ ఆ పని కోసమే.

టికెట్ కొనేటప్పుడే మొదలుపెట్టండి

టికెట్ ధర చూసే ముందు, విమానం అక్కడి టైము ప్రకారం ఎన్నింటికి దిగుతుందో చూడండి. పగలు దిగే టికెట్ కొంచెం ఎక్కువైనా అదే కొనమని నా సలహా. రాత్రి దిగే టికెట్‌లో మిగిలిన డబ్బు చాలాసార్లు అర్ధరాత్రి టాక్సీకే పోతుంది. తప్పనిసరిగా రాత్రే దిగాల్సి వస్తే, దిగిన వెంటనే బయటికి పరుగు తీయాలనేం లేదు. చాలా పెద్ద విమానాశ్రయాల్లో తెల్లారేదాకా లోపల కూర్చోవచ్చు. మీరు దిగే చోట అలా ఉండనిస్తారో లేదో ముందే కనుక్కోండి. ఉండనివ్వకపోతే పక్కనే ఉన్న హోటల్లో ఆ ఒక్క రాత్రికి గది బుక్ చేసుకోండి.

ఇంకో సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. మనకు డిసెంబర్‌లో కూడా పొద్దు గూకేది ఆరు గంటల ప్రాంతంలోనే. అదే డిసెంబర్‌లో లండన్, బెర్లిన్ లాంటి చోట్ల సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది. "రాత్రి బయట తిరగొద్దు" అని మనం పిల్లలకు చెప్పే మాట అక్కడ చలికాలంలో పనికిరాదు. క్లాసు అయ్యేసరికే చీకటి. కాబట్టి గది వెతికేటప్పుడు అద్దె ఒక్కటే చూడకుండా, బస్టాపు నుంచి ఇంటి దాకా దారిలో లైట్లున్నాయా, జనం తిరుగుతారా అని కూడా చూడాలి. గూగుల్ మ్యాప్స్‌లో స్ట్రీట్ వ్యూ ఉంది కదా, ఆ దారంతా ఇంట్లోంచే ఒకసారి చూసెయ్యండి.

మొదటి రాత్రి ప్రమాదం మన రోడ్డు మీదే

విదేశం గురించి అంత కంగారు పడే ఇంట్లో, చెన్నై విమానాశ్రయానికి వెళ్ళే కారు గురించి ఎవరూ ఆలోచించరు. తెల్లవారుజాము ఫ్లైటని అర్ధరాత్రి తిరుపతిలో బయల్దేరి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా పోతారు. చిత్తూరు, పలమనేరు వాళ్ళయితే బెంగళూరుకి వెళతారు. మొగిలి ఘాట్ ఎన్ని ప్రమాదాలు చూసిందో మన వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. పగలంతా తిరుమల ట్రిప్పులు కొట్టిన డ్రైవరుని రాత్రి మళ్ళీ కూర్చోబెట్టకండి. "అన్నా, పగలు పడుకున్నావా?" అని బుక్ చేసేటప్పుడే అడగండి. వీలైతే సాయంత్రమే బయల్దేరి, చీకటి ముదిరేలోపు విమానాశ్రయం చేరి అక్కడే కూర్చోండి. సాగనంపడానికి వచ్చినవాళ్ళు కూడా అదే రాత్రి వెనక్కి తిరక్కుండా, తెల్లారాక బయల్దేరితే మంచిది.

ఫోను, డబ్బు, కాగితాలు

దిగగానే ఫోను పనిచేయాలి. విమానాశ్రయం వైఫై ఉంటుందిలే అనుకుంటారు కానీ, కొన్నిచోట్ల అది కావాలన్నా ఫోనుకి ఓటీపీ రావాలి. అందుకే ఇక్కడే రోమింగ్ ప్యాక్ గానీ, ఆ దేశపు ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోనులోనే వేసుకునే సిమ్) గానీ వేయించుకుని ఎక్కండి. గూగుల్ మ్యాప్స్‌లో ఆ ఊరి మ్యాపును ఆఫ్‌లైన్‌గా డౌన్‌లోడ్ చేసుకోండి, నెట్ లేకపోయినా దారి కనిపిస్తుంది. పవర్ బ్యాంకు చెక్-ఇన్ లగేజీలో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే ఉండాలి.

బ్యాంకు కార్డు విషయంలో చాలామంది దెబ్బతింటారు. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నియమం ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు మన దేశంలో వాడకానికే తెరిచి ఉంటాయి. విదేశంలో పనిచేయాలంటే బ్యాంకు యాప్‌లో మీరే ఆన్ చేసుకోవాలి. అది మర్చిపోయి అర్ధరాత్రి టాక్సీ ముందు కార్డు గీకి, పడక, తెలియని మనిషిని సాయం అడగాల్సిన పరిస్థితి తెచ్చుకోవద్దు. రెండు కార్డులు ఉంటే ఒకటి జేబులో, ఒకటి బ్యాగులో పెట్టండి. ఆ దేశపు చిన్న నోట్లు కొన్ని పైజేబులో ఉంచుకోండి. నలుగురిలో పెద్ద పర్సు తెరిచే అవసరం రాకూడదు.

ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: ఉండబోయే చోటు అడ్రసు, అక్కడ మిమ్మల్ని ఎరిగిన ఒకరి నంబరు, భారత ఎంబసీ లేదా కాన్సులేట్ నంబరు, ఇన్సూరెన్స్ కంపెనీ ఎమర్జెన్సీ నంబరు, ఆ దేశంలో పోలీసులకు చేయాల్సిన నంబరు. జపాన్, థాయ్‌లాండ్ లాంటి చోట్లకైతే హోటల్ అడ్రసు అక్కడి లిపిలో కూడా ఉండాలి, టాక్సీ డ్రైవరుకి చూపించడానికి. ఫోను పోయినా ఈ కాగితం మిగులుతుంది. ఇంకో కాపీ తిరుపతిలో ఇంట్లో ఉండాలి. పాస్‌పోర్టు, వీసా జిరాక్సులు కూడా దానితోనే.

పోలీసు నంబర్లు ఇవి. అమెరికా, కెనడాల్లో 911. బ్రిటన్‌లో 999. జర్మనీ, ఫ్రాన్స్, ఐర్లాండ్‌తో సహా యూరోపియన్ యూనియన్ అంతటా 112. ఆస్ట్రేలియాలో 000, న్యూజిలాండ్‌లో 111. యూఏఈలో పోలీసులకు 999, అంబులెన్సుకు 998. సింగపూర్‌లో పోలీసులకు 999, అంబులెన్సుకు 995. కువైట్‌లో 112. జపాన్‌లో పోలీసులకు 110, అంబులెన్సుకు 119. థాయ్‌లాండ్‌లో టూరిస్టు పోలీసులకు 1155. మీరు వెళ్ళే దేశం నంబరు ఒక్కటి నోటికి వస్తే చాలు.

దిగాక మొదటి గంట

అన్నిటికన్నా జాగ్రత్త కావాల్సింది ఈ గంటలోనే. లగేజీ తీసుకున్నాక బయటి తలుపు దాటకుండా లోపలే ఒక కుర్చీ చూసుకుని కూర్చోండి. నీళ్ళు తాగండి, ఇంటికి మెసేజ్ పెట్టండి, క్యాబ్ బుక్ చేయడం, మ్యాపు చూడటం అన్నీ అక్కడే ముగించండి. బయట అడుగుపెట్టేసరికి ఎటు వెళ్ళాలో మీకు తెలిసి ఉండాలి.

"టాక్సీ? టాక్సీ?" అని దగ్గరికొచ్చేవాళ్ళకి, ఎంత మర్యాదగా మాట్లాడినా, వద్దని చెప్పి నడవండి. క్యూలో ఉండే అధికారిక టాక్సీ గానీ, యాప్‌లో బుక్ చేసిన కారు గానీ ఎక్కండి. యాప్ కారయితే నంబరు ప్లేటు, డ్రైవరు ముఖం ఫోనులో ఉన్నదానితో సరిచూసుకోండి. మీ పేరు మీరు చెప్పకండి. "ఎవరి కోసం వచ్చారు?" అని డ్రైవరునే అడగండి. ఊబర్‌లో నాలుగంకెల పిన్ చెప్తేనే ప్రయాణం మొదలయ్యే సెట్టింగ్ ఉంది, దాన్ని ఆన్ చేసుకోండి. ప్రయాణం షేర్ చేసే బటన్ నొక్కితే కారు ఎక్కడుందో ఇంట్లో వాళ్ళకి కనిపిస్తూ ఉంటుంది. అమెరికాలో రాత్రయితే మనకు పగలే కాబట్టి ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు.

లండన్ వెళ్ళేవాళ్ళకి ఒక మాట. అక్కడ రోడ్డు మీద చెయ్యెత్తి ఆపి ఎక్కదగ్గది బ్లాక్ క్యాబ్ ఒక్కటే. మినీక్యాబులు, అంటే ప్రైవేటు టాక్సీ కార్లు, ముందు బుక్ చేసుకునే ఎక్కాలి. దుబాయ్‌లో ఒంటరిగా దిగే ఆడవాళ్ళకి గులాబీ రంగు టాపు ఉన్న టాక్సీలుంటాయి, వాటిని నడిపేది ఆడవాళ్ళే.

తెలుగులో పలకరించారని ఎవరినీ నమ్మేయకండి. ఇది చెప్పడానికి మనసొప్పకపోయినా చెప్పాల్సిందే. పరాయి దేశంలో "మీది తిరుపతా? మాదీ అక్కడే" అనే మాట వింటే ప్రాణం లేచొస్తుంది. నిజంగా సాయం చేసేవాళ్ళే ఎక్కువ. కానీ వాట్సాప్ గ్రూపుల్లో రూము ఉందని అడ్వాన్సు తీసుకుని మాయమయ్యేవాళ్ళు కూడా మన భాషే మాట్లాడతారు. గది చూడకుండా, అక్కడ ఉంటున్నవాళ్ళతో వీడియో కాల్ మాట్లాడకుండా డబ్బు పంపకండి. మొదటి వారం యూనివర్సిటీ ఏర్పాటు చేసే వసతి గానీ, హాస్టల్ గానీ తీసుకుని, మిగతాది అక్కడికి వెళ్ళాక వెతుక్కోవడం మేలు.

గదిలోకి వెళ్ళాక

హోటల్లో గది నంబరు రిసెప్షన్ వాళ్ళు నలుగురిలో గట్టిగా చెప్తే, వేరే గది అడగండి. గ్రౌండ్ ఫ్లోరు వద్దనండి. పైన మరీ ఎత్తులో ఉంటే అగ్నిప్రమాదంలో నిచ్చెనలు అందవు, రెండో అంతస్తు నుంచి ఆరో అంతస్తు మధ్య మంచిది. గది నుంచి మెట్ల దాకా ఎన్ని తలుపులున్నాయో ఒకసారి నడిచి లెక్కపెట్టుకోండి, పొగలో కళ్ళు కనిపించవు. రాత్రి ఎవరైనా "హోటల్ స్టాఫ్" అని తలుపు కొడితే తీయకుండా రిసెప్షన్‌కి ఫోన్ చేసి కనుక్కోండి.

రాత్రి బయట తిరగాల్సి వచ్చినప్పుడు

వెళ్ళే ముందే ఆఖరి రైలు, ఆఖరి బస్సు ఎన్నింటికో చూసుకోండి. టోక్యోలాంటి మహానగరంలో కూడా అర్ధరాత్రి దాటాక రైళ్ళు ఆగిపోతాయి. లండన్ మెట్రో కొన్ని లైన్లలో మాత్రమే, అదీ శుక్ర, శనివారాల రాత్రుల్లోనే తెల్లవార్లూ నడుస్తుంది. రైల్లో ఖాళీ పెట్టె హాయిగా ఉంటుందని ఎక్కకండి, జనమున్న పెట్టె ఎక్కండి. డబుల్ డెక్కర్ బస్సులో కింద, డ్రైవరు కనిపించేచోట కూర్చోండి. బ్రిటన్ రైళ్ళలో ఎవరైనా ఇబ్బంది పెడితే 61016కి మెసేజ్ పెడితే రైల్వే పోలీసులకు చేరుతుంది. ప్రాణాపాయమైతే మాత్రం 999కే చేయాలి. అదే 999కి మొబైల్ నుంచి చేసి, నోరు తెరవలేని పరిస్థితిలో ఉంటే 55 నొక్కండి, కాల్ పోలీసులకు వెళుతుంది. దాంతోనే మీరున్న చోటు వాళ్ళకు తెలిసిపోతుందని అనుకోకండి, లైను కట్ చేయకుండా వాళ్ళు అడిగేవి వింటూ ఉండండి.

రోడ్డు దాటడం గురించి ఎవరూ చెప్పరు, నాకైతే దొంగలకన్నా దీని గురించే భయం. అమెరికా, జర్మనీ, గల్ఫ్ దేశాల్లో బండ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి. మనకు చిన్నప్పటి నుంచీ ముందు కుడివైపు చూసే అలవాటు. అక్కడ ముందు ఎడమవైపు చూడాలి. రాత్రి, అలసటలో, పాత అలవాటే ముందుకొస్తుంది. అందుకే సిగ్నల్ ఉన్నచోటే దాటండి, రెండు వైపులా రెండుసార్లు చూడండి. నల్లటి జాకెట్ ఒక్కటే కొనుక్కోకుండా, బ్యాగుకి మెరిసే పట్టీ ఒకటి తగిలించుకోండి.

నడిచేటప్పుడు రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ వద్దు. లండన్‌లో ఎలక్ట్రిక్ సైకిళ్ళ మీద వచ్చి చేతిలో ఫోను లాక్కుపోవడం మామూలైపోయింది. మ్యాపు చూడాలంటే రోడ్డు అంచున నిలబడకుండా, గోడకి వీపు ఆనించి గానీ, ఏదైనా షాపులోకి వెళ్ళి గానీ చూడండి. పారిస్, బార్సిలోనా, రోమ్ మెట్రోల్లో జేబుదొంగలు ఎక్కువ, పర్సు వెనకజేబులో పెట్టకండి. మామూలు బట్టల్లో వచ్చి "పోలీసులం, పర్సు చూపించు" అంటే ఇవ్వకండి. "పోలీస్ స్టేషన్‌కి వెళ్దాం పదండి" అనండి.

ఆడవాళ్ళు బంగారం ఇంట్లో పెట్టి వెళ్ళండి. భారతీయుల ఒంటిమీద, ఇళ్ళలో బంగారం ఉంటుందని బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ దొంగలకు బాగా తెలుసు. తాళిబొట్టు తీయడం ఇష్టం లేకపోతే పసుపుతాడుకో, సన్నటి నల్లపూసల గొలుసుకో మార్చుకుని చొక్కా లోపల వేసుకోండి. తెలియని చోట తాగే గ్లాసు, జ్యూసైనా సరే, వదిలి వెళ్తే తిరిగొచ్చి దాన్ని ముట్టుకోవద్దు. బ్రిటన్‌లో చాలా బార్లలో, రెస్టారెంట్లలో కౌంటర్ దగ్గరికెళ్ళి "ఏంజెలా ఉందా?" అని అడిగితే, మీరు ఇబ్బందిలో ఉన్నారని స్టాఫ్‌కి అర్థమై సాయం చేస్తారు.

ఎవరో వెంట వస్తున్నారనిపిస్తే అనుమానమేమోనని మొహమాటపడకండి. రోడ్డు దాటి చూడండి. వాళ్ళూ దాటితే, నేరుగా ఇంటికి వెళ్ళొద్దు, ఇల్లు చూపించినట్టవుతుంది. పెట్రోల్ బంకు, రాత్రంతా తెరిచుండే షాపు, హోటల్ లాబీ, ఆసుపత్రి ఎమర్జెన్సీ, ఏది దగ్గరైతే దాంట్లోకి వెళ్ళి అక్కడున్నవాళ్ళకి చెప్పండి. కత్తో తుపాకీయో చూపిస్తే అడిగినవన్నీ ఇచ్చేయండి. ఫోను, ల్యాప్‌టాప్, డబ్బు ఏదీ మీ కన్నా ఎక్కువ కాదు.

రాత్రి షిఫ్టుల గురించి

అమెరికా వెళ్ళే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు దీన్ని ఓపిగ్గా చదవాలి. అప్పు చేసి వెళ్ళాం కదా, నాలుగు డాలర్లు సంపాదిద్దామని పెట్రోల్ బంకుల్లో, చిన్న స్టోర్లలో రాత్రి షిఫ్టులకి ఒప్పుకుంటారు. అక్కడ క్యాష్ కౌంటర్లో ఒంటరిగా ఉన్న మన పిల్లలు దోపిడీల్లో కాల్పులకు బలైన వార్తలు మనం ఎన్నోసార్లు విన్నాం. చదువుకోవడానికిచ్చే ఎఫ్-1 వీసా మీద మొదటి ఏడాది క్యాంపస్ బయట పని చేయడానికి మామూలుగా అనుమతి ఉండదు. అనుమతి లేని పని కాబట్టి ఏదైనా జరిగినా పోలీసులకు చెప్పడానికి భయపడతారు, ఆ భయాన్ని వాడుకునే యజమానులూ ఉంటారు. క్యాంపస్‌లోనే లైబ్రరీలో, క్యాంటీన్లో దొరికే పనికి డబ్బు తక్కువ రావచ్చు, కానీ ప్రాణానికి భరోసా ఉంటుంది. చదువు ఖర్చు లెక్క ఇక్కడ వేసేటప్పుడే "వాడు అక్కడ పని చేసుకుంటాడులే" అనే అంకెను అందులోంచి తీసేయండి.

చాలా అమెరికన్ యూనివర్సిటీల్లో రాత్రిపూట ఫోన్ చేస్తే గది దాకా తోడొచ్చే సర్వీసు ఉంటుంది, డబ్బు తీసుకోరు. నంబరు మొదటిరోజే ఫోనులో పెట్టుకోండి. కారులో వెళ్తుండగా పోలీసులు ఆపితే దిగకండి. చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టి, కాగితాలు తీసే ముందు "తీస్తున్నాను" అని చెప్పి తీయండి. మన దగ్గరలా బండి దిగి ఎదురెళితే అక్కడ వేరేగా అర్థం చేసుకుంటారు.

పనికోసం గల్ఫ్‌కి, థాయ్‌లాండ్‌కి వెళ్ళేవాళ్ళు

పీలేరు, మదనపల్లె, రాయచోటి వైపు నుంచి కువైట్, సౌదీ వెళ్ళే అక్కాచెల్లెళ్ళు చాలామంది. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో మన విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు, చదువురాకపోతే ఇంట్లో పిల్లల్ని చూడమనండి. విజిట్ వీసా మీద వెళ్ళి పని చేసుకోవచ్చన్న మాట నమ్మొద్దు. విమానాశ్రయానికి ఎవరొస్తారో వాళ్ళ పేరు, ఫోను నంబరు ఎక్కే ముందే ఇంట్లో రాసిపెట్టి వెళ్ళండి. యూఏఈలో యజమాని మీ పాస్‌పోర్టు తన దగ్గర ఉంచుకోవడం చట్టవిరుద్ధం. దుబాయ్‌లో కష్టమొస్తే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342 నంబరుకి ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

బ్యాంకాక్‌లో కంప్యూటర్ ఉద్యోగం, మంచి జీతం అని పిలిపించి, దిగినవాళ్ళని రాత్రికి రాత్రి కార్లలో మే సోట్ సరిహద్దు మీదుగా మయన్మార్‌లోని మ్యావడీకి తీసుకుపోయి సైబర్ మోసాలు చేయించే ముఠాల గురించి మన విదేశాంగ శాఖ 2022 నుంచి హెచ్చరిస్తూనే ఉంది. కంపెనీ ఉన్న ఊరికి కాకుండా కారు గంటల తరబడి వేరే వైపు పోతుంటే, మొదటి పెట్రోల్ బంకు దగ్గర బాత్రూమ్ అని దిగి, మళ్ళీ ఎక్కకుండా థాయ్ టూరిస్టు పోలీసులకు, 1155కి చేయండి.

ప్రసవానికని వెళ్ళే అమ్మానాన్నలు

కూతురి ప్రసవానికో, మనవడిని చూడటానికో వెళ్ళే పెద్దవాళ్ళకి టికెట్‌తో పాటే వీల్‌చెయిర్ సాయం అడిగిపెట్టండి. నడవగలిగినా సరే, విమానం మారేచోట గేటు దాకా ఒక మనిషి తోడుంటారు, తప్పిపోతామన్న దిగులుండదు. మెడలో వేసుకునే సంచిలో ఇంగ్లీషులో ఒక కార్డు పెట్టండి: నాకు తెలుగు మాత్రమే వచ్చు, నేను వెళ్ళాల్సిన చోటిది, ఈ నంబరుకి ఫోన్ చేయండి, నేను వాడే మందులివి. అమెరికాలో 911కి చేసి "తెలుగు, తెలుగు" అన్నా చాలాచోట్ల అనువాదం చేసేవాళ్ళని లైనులోకి తెస్తారు, కాబట్టి ఇంగ్లీషు రాదని ఫోను పెట్టేయొద్దని చెప్పండి. సాయంత్రం నడకకి వెళ్తే ఇంటి అడ్రసు చీటీ జేబులో ఉండాలి. అక్కడ ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, చీకటి పడితే మరీ.

ఏదైనా జరిగితే

ముందు సురక్షితమైన చోటికి చేరి పోలీసులకు ఫోన్ చేయండి. దెబ్బలుంటే ఆసుపత్రి. తర్వాత కార్డులు బ్లాక్ చేయించండి. పోలీసులిచ్చే ఫిర్యాదు కాపీ గానీ, నంబరు గానీ తప్పక తీసుకోండి, ఇన్సూరెన్సుకీ కొత్త పాస్‌పోర్టుకీ అదే ఆధారం. పాస్‌పోర్టు పోయి వెంటనే ఇండియా రావాల్సి ఉంటే, ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది, దాంతో ఇంటికి రావచ్చు. ఎంబసీ దగ్గర పని ముందుకు కదలకపోతే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి, అది ఇక్కడినుంచి ఇంట్లోవాళ్ళు కూడా పెట్టొచ్చు.

ఇంట్లో ఫోనెత్తే అమ్మానాన్నలకు ఒక్క విన్నపం. "ఆ టైములో అక్కడికెందుకు వెళ్ళావు?" అని మొదలుపెట్టకండి. అలా అంటే ఇంకోసారి ఏం జరిగినా మీకు చెప్పరు. ఎక్కడున్నావు, దెబ్బలేమైనా తగిలాయా, పక్కన ఎవరున్నారు, ఈ మూడే అడగండి. జవాబులు ఇంట్లో ఉన్న ఆ కాగితం మీదే రాసుకుని, దాంట్లోని నంబర్లకి ఒక్కొక్కటిగా ఫోన్ చేయడం మొదలుపెట్టండి.